పది నిమిషాల కోసం



మింజూరు చుట్టుపక్కల ఉండేవారికి షిఫ్టు అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. అత్తిపట్టు, ఎన్నూరు, కాట్టుపల్లి, గుమ్మిడిపూండి, ఎటు వెళ్ళినా గడియారం చూసుకుంటూ నడిచే మనుషులే. మధ్యాహ్నం పనిలోంచి లేచి అన్నం క్యారియరు మూత తీసే ఆ కొద్దిసేపు మీకు ఎవరిచ్చారని ఎప్పుడైనా ఆలోచించారా? చట్టం ఇచ్చిందని మీరు అనవచ్చు. నిజమే. మరి చట్టానికి ఆ బుద్ధి పుట్టించింది ఎవరు? ఈ ప్రశ్నకు సమాధానంలో కొంత భాగం మనకు దగ్గరలోనే, చెన్నపట్నంలోని పెరంబూరులో ఉంది.

మన పెద్దలు పొలంలో పని చేసే రోజుల్లో విరామం కోసం ఎవరినీ అడగవలసిన పని ఉండేది కాదు. అంబటిపొద్దు అనే మాట మీరు వినే ఉంటారు. పొద్దుకే అంబలి పేరు పెట్టారు! పని కష్టమే, కూలి తక్కువే. అయినా అంబలి తాగే వేళ, చెట్టు నీడన నడుం వాల్చే వేళ రోజులో కలిసే ఉండేవి. మిల్లు వచ్చాక ఈ లెక్క మారిపోయింది. యంత్రానికి ఆకలీ లేదు, అలసటా లేదు. అది ఆగితే యజమానికి నష్టం. అందువల్ల మనిషే దాని వేగానికి సరిపోవలసి వచ్చింది.

పెరంబూరులో బిన్నీ కంపెనీ వారి బకింగ్‌హామ్ మిల్లు 1876లో, కర్నాటిక్ మిల్లు 1881లో వెలిశాయి. 1911 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం బట్టల మిల్లులో మగవారిచేత రోజుకు 12 గంటల వరకు పని చేయించవచ్చు. ఆరు గంటలు దాటకుండా కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలి. ఆ అరగంటలోనే చేతులు కడుక్కోవాలి, అన్నం తినాలి, మళ్ళీ వచ్చి యంత్రం ముందు నిలబడాలి. గబగబా మింగడమే తప్ప తిన్నామన్న తృప్తి ఎక్కడిది?

ఈ బాధలు విన్నవారిలో సెల్వపతి చెట్టియారు, రామానుజులు నాయుడు అనే ఇద్దరున్నారు. పెరంబూరులో వారు నడిపే భక్తసభకు మిల్లు కార్మికులు వచ్చేవారు. దేవుడి కథ వినడానికి వచ్చినవారు తమ కథ కూడా చెప్పుకున్నారు. ఆ ఇద్దరూ వెళ్ళి అనీబిసెంట్ గారి న్యూ ఇండియా పత్రికలో పనిచేస్తున్న బి.పి. వాడియా గారిని కలుసుకున్నారు. ఫలితంగా 1918 ఏప్రిల్ 27న మద్రాసు కార్మిక సంఘం ఏర్పడింది. మన దేశంలో పద్ధతి ప్రకారం ఏర్పడిన తొలి కార్మిక సంఘాల్లో దీనిని ముఖ్యమైనదిగా చెబుతారు. ఆ సంఘం మొదటి కోరికల్లో ఒకటి ఏమిటో తెలుసా? మధ్యాహ్నపు అరగంటను 40 నిమిషాలు చేయమని. అంటే, కేవలం పది నిమిషాలు!

కూలి పెంపు ఉండగా ఈ పది నిమిషాలు ఏపాటి అని మీకు తోచవచ్చు. కాని మనిషి తాను యంత్రం కాదని చెప్పుకోవడానికి అంతకంటే సులువైన మాట ఏముంది?

ఆ మాట చెప్పుకోవడం మాత్రం సులువు కాలేదు. 1920లో గొడవ ముదిరినప్పుడు కంపెనీ హైకోర్టుకు వెళ్ళి సంఘం నాయకుల మీద నిషేధపుటుత్తర్వు తెచ్చుకుంది. చివరికి రాజీ కుదిరి వాడియా గారు సంఘానికి దూరం కావలసి వచ్చింది. సంఘం పెట్టుకోవడమే నేరమైతే ఎలా అన్న ప్రశ్న ఢిల్లీ దాకా పోయింది. ఎన్.ఎం. జోషి గారు శాసనసభలో విషయం లేవనెత్తారు. 1926లో కార్మిక సంఘాల చట్టం వచ్చింది. అంతకుముందే, 1922లో, ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి పని గంటలను తగ్గించారు, ఆరు గంటల పనికి ఒక గంట విశ్రాంతి ఉండాలన్నారు. 1948 నాటి చట్టం అయిదు గంటలకు మించి ఏకబిగిన పని చేయించరాదనీ, కనీసం అరగంట విరామం ఉండాలనీ చెప్పింది. 150 మందికి మించి పనిచేసే చోట విశ్రాంతి గది, 250 మందికి మించితే క్యాంటీను ఉండాలని కూడా అందులో రాశారు.

ఇదంతా ఒంటి అలసట సంగతి. మరి మనసు అలసట? ఇందుకు అమెరికాలో జరిగిన ఒక ఉదంతం చెబుతాను. 1923లో ఫిలడెల్ఫియాలోని ఒక నూలు మిల్లుకు ఎల్టన్ మేయో అనే ఆచార్యుణ్ణి పిలిచారు. అక్కడ నూలు వడికే విభాగంలో వంద ఉద్యోగాలను నిలుపుకోవడానికి ఏడాదికి సుమారు 250 మందిని కొత్తగా చేర్చుకోవలసి వచ్చేది. మేయో వారి మాటలు విన్నాడు. రోజంతా ఒకే పని, పలకరించే తోడు లేదు, తలలో దిగులు తలపులు. పొద్దున రెండుసార్లు, మధ్యాహ్నం రెండుసార్లు పదేసి నిమిషాలు పడుకోనివ్వమని సలహా ఇచ్చాడు. దిగులు తగ్గింది, మానేసేవారు తగ్గారు, నూలు పెరిగింది. తొందర ఆర్డరు వచ్చిందని మధ్యలో ఆ విరామాలు ఆపేస్తే ఉత్పత్తి పడిపోయింది. మళ్ళీ ఇచ్చాక కోలుకుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో పని చోట మానసిక ఆరోగ్యం గురించి మార్గదర్శకాలు వెలువరించింది. కుంగుబాటు, ఆందోళనల వల్ల ప్రపంచంలో ఏటా 1,200 కోట్ల పనిదినాలు పోతున్నాయని అంచనా. పది నిమిషాల లోపు విరామాల మీద జరిగిన పరిశోధనలను అదే ఏడాది కొందరు కలిపి చూశారు. చిన్న విరామం హుషారును పెంచి అలసటను తగ్గిస్తుందని తేలింది. తలకు బాగా పని చెప్పే ఉద్యోగానికి మాత్రం పది నిమిషాలు చాలకపోవచ్చునట.

బిన్నీ మిల్లులు ఇప్పుడు లేవు. కాని ఆనాటి ప్రశ్న పోలేదు. రోజంతా నిలబడే దుకాణపు ఉద్యోగులకు కూర్చునే ఏర్పాటు ఉండాలని తమిళనాడు 2021లో చట్టం చేయవలసి వచ్చిందంటే చూడండి!

మీ కింద నలుగురు పనిచేస్తుంటే, టీ తాగడానికి లేచినవాణ్ణి గడియారంతో కొలవకండి. మీరే పనిచేసేవారైతే, అన్నం ముందు కూర్చుని కూడా ఫోనులో పని చూసుకోకండి. ఆ కొద్దిసేపూ ఒకరు దయతో పెట్టినది కాదు. పెరంబూరు కార్మికులు అడిగి, పోరాడి మనకు మిగిల్చినది.