నాన్నా, ఎల్.ఐ.జి అంటే ఏంటి?

కేపీహెచ్‌బీలో మేం అద్దెకుండేది ఎల్.ఐ.జి ఇల్లు. మొన్న మావాడు "నాన్నా, ఎల్.ఐ.జి అంటే ఏంటి?" అనడిగాడు. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి కట్టినదని చెప్పేసరికి, "మరి మనం కొనుక్కోవచ్చుగా!" అన్నాడు. నవ్వేశా గానీ ఆ ప్రశ్న వదల్లేదు.

హైదరాబాదులో ఇళ్ళు కట్టించడం ఒకప్పుడు సర్కారు పని. 1908లో మూసీ వరద, ఆపైన ప్లేగు. ఆ దెబ్బకి నిజాం ప్రభుత్వం 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి, ఇరుకు బస్తీలు తీసేసి కొత్త ఇళ్ళు కట్టించింది. తర్వాత ఆ పని హౌసింగ్ బోర్డు చేసింది. ఎల్.ఐ.జి, ఎం.ఐ.జి, హెచ్.ఐ.జి అని ఆదాయాన్ని బట్టి ఇల్లు.

1998లో సైబర్ టవర్స్ తెరిచారు, మనమంతా దిగాం. జీతాలు పెరిగాయి, హోమ్ లోన్లు తేలికయ్యాయి. అమ్మేవాడు మన జీతం చూసి రేటు చెప్పడండీ, బ్యాంకు మనకెంత అప్పిస్తుందో చూసి చెప్తాడు. ఐటీవాళ్ళ వల్లే రేట్లు పెరిగాయని తిట్టేవాళ్ళు పూర్తిగా తప్పని నేననను. కానీ సర్కారు తక్కువ తిందా? 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100.75 కోట్లు పలికింది. గజం రెండు లక్షల పైమాటే! ఆ నేల మీద లేచే ఫ్లాటు ఎవరికందుతుంది?

మా ఓనరుగారు రిటైరైన గుమాస్తా. 1980ల్లో వాయిదాల మీద కొనుక్కున్నారు. పోయిన నెల అద్దె పెంచుతూ ఆయనే కాస్త మొహమాటపడ్డారు.