పెట్టె కాపలా నుంచి పద్దు దాకా

కడప జిల్లాలో ఎన్నిక ఎన్నడూ ప్రతినిధిని ఎంచుకోవడంతో ఆగలేదు. ఎవరి మాట చెల్లుతుందో ఊరు ఊరంతా తేల్చుకునే తీర్పుగానే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల జనం దాన్ని చూస్తూ వచ్చారు. ఆ తీర్పు నిజాయితీగా వచ్చిందా అన్న తగాదాకూ ఇక్కడ డెబ్బై ఏళ్ల చరిత్ర ఉంది.

1952 తొలి ఎన్నికల్లో అభ్యర్థికో పెట్టె పెట్టేవారు. అక్షరం రాని రైతు గుర్తు చూసుకుని తన చీటీని ఆ పెట్టెలో వేసి వచ్చేవాడు. ఆనాటి చట్టం చాలా రాష్ట్రాల్లో లోక్‌సభ అభ్యర్థి ఖర్చుకు గీసిన గీత 25 వేల రూపాయలు. కడప స్థానం కమ్యూనిస్టు యెద్దుల ఈశ్వరరెడ్డికి దక్కింది. 1962, 1967, 1971లోనూ జనం ఆయననే పంపారు. పెద్ద కమతాల మాట చెల్లే సీమలో ఎర్రజెండా నాలుగుసార్లు గెలవడం ఈ నేల ఓటరు గురించి చాలా చెబుతుంది.

1978లో పులివెందుల నుంచి వై.ఎస్. రాజశేఖరరెడ్డి తొలిసారి శాసనసభకు వెళ్లారు. 1983 నుంచి జమ్మలమడుగు పొన్నపురెడ్డి శివారెడ్డిది. ఆయన 1993లో హైదరాబాదులో హత్యకు గురయ్యారు. గుండ్లకుంట, దేవగుడి అన్న ఊరిపేర్లే కక్షలకు పేర్లుగా మారిన కాలమది. అప్పటి పేచీ డబ్బు గురించి కాదు, పోలింగ్ బూతు గురించి. ఏజెంటుగా కూర్చునే ధైర్యం ఉన్న మనిషి దొరకడమే గగనం. ప్రధాన ఎన్నికల కమిషనర్ శేషన్ పట్టుదలతో 1993లో మొదలైన ఫోటో గుర్తింపు కార్డులు, 2004లో దేశమంతటా వచ్చిన ఓటింగ్ యంత్రాలు, కేంద్ర బలగాలు ఆ పరిస్థితిని చాలావరకు మార్చాయి. 1996లో రాజశేఖరరెడ్డి అంతటి నాయకుడు లోక్‌సభకు 5 వేల పైచిలుకు ఓట్ల తేడాతోనే బయటపడ్డారంటే, ఇక్కడ ప్రతి ఓటూ లెక్కకు వచ్చేదేనని అర్థం.

పెట్టెకు కాపలా గట్టిపడ్డాక పోటీ నోటు మీదికి మళ్లింది. చట్టంలో కంత ముందే ఉంది. పార్టీ పెట్టే ఖర్చు కూడా అభ్యర్థి లెక్కలోకే వస్తుందని 1974లో సుప్రీంకోర్టు అంటే, పార్లమెంటు ఆ ఏడాదే చట్టం సవరించి దాన్ని పక్కన పెట్టింది. 2003లో కొంత పూడ్చారు గానీ, పార్టీల ఖర్చుకు నేటికీ పరిమితి లేదు. అభ్యర్థికి మాత్రం శాసనసభకు 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. ఎన్నికల కోడ్ వచ్చిందంటే ప్రొద్దుటూరు బంగారు వ్యాపారికి కష్టకాలమే. కాగితాలు లేకుండా 50 వేలకు మించి నగదు తీసుకెళ్తే చెక్‌పోస్టులో ఆపుతారు. నగల సరుకుకు వెళ్లే గుమాస్తా సంచిలో డబ్బుకన్నా ముందు బిల్లులు సర్దుకుంటాడు. పోలింగ్‌కు ముందు రాత్రి ఓటర్ల జాబితా పట్టుకుని వీధి వీధీ తిరిగి, పేరు పక్కన టిక్కు పెట్టుకుంటూ కవర్లు పంచేవాడికి మాత్రం ఏ బిల్లూ అక్కర్లేదు. ఈ అన్యాయం నన్ను ఎప్పుడూ బాధిస్తుంది.

2011 మే ఉప ఎన్నికలు ఈ కథలో పెద్ద మలుపు. కాంగ్రెసును వీడిన రాజశేఖరరెడ్డి కొడుకు జగన్ కడపలో, భార్య విజయమ్మ పులివెందులలో నిలబడ్డారు. విజయమ్మకు ఎదురు నిలిచింది ఆమె మరిది వివేకానందరెడ్డే. రాజశేఖరరెడ్డి వారసత్వం ఎవరిదన్న ప్రశ్నకు జనమిచ్చే తీర్పుగానే రాష్ట్రమంతా దాన్ని చూసింది. డబ్బు పంచుతున్నారని ఇరుపక్షాలూ ఒకరినొకరు నిందించుకున్నాయి. జగన్‌కు 5.45 లక్షలకు పైగా, విజయమ్మకు 81 వేలకు పైగా మెజారిటీ వచ్చింది. అంత తేడా వచ్చాక ఖర్చు సంగతి అడిగిన నాథుడు లేడు. బ్రిటన్‌లో అలా వదల్లేదు. 2016లో ఐరోపా సమాఖ్య నుంచి వైదొలగాలా అన్న ప్రజాభిప్రాయ సేకరణలో గెలిచిన పక్షం ప్రచార సంస్థ ఖర్చు పరిమితి దాటిందని తేల్చి, 2018లో ఆ దేశ ఎన్నికల సంఘం 61 వేల పౌండ్ల జరిమానా వేసింది. ఫలితం మారలేదు. తప్పు జరిగినట్టు మాత్రం రికార్డుకెక్కింది.

2019 మార్చిలో ఎన్నికల ముంగిట వివేకానందరెడ్డి హత్య జరిగింది. అప్పటినుంచి వివాదం ప్రచారంలో చెప్పే మాటల మీదికి వచ్చింది. ఆ హత్య ప్రస్తావన తేవద్దని 2024 ఏప్రిల్‌లో కడప కోర్టు కొందరు నాయకులను ఆదేశిస్తే, మే నెలలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును నిలిపేసింది. ఆ లోపు ఇక్కడ పోలింగ్ ముగిసిపోయింది. డబ్బు సంగతికొస్తే, దాత పేరు బయటపడకుండా పార్టీలకు విరాళమిచ్చే ఎన్నికల బాండ్లను అదే ఏడాది ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసింది. పార్టీలకు ఎవరు డబ్బిస్తున్నారో ఓటరుకు తెలియాలన్నది ఆ తీర్పు సారం.

2025 ఆగస్టు 12న పులివెందుల జడ్పీటీసీ ఉప ఎన్నికలో పాత తగాదా మళ్లీ పోలింగ్ బూతు దగ్గరికే వచ్చింది. జమ్మలమడుగు వంటి చోట్ల నుంచి మనుషులను తెచ్చి ఓట్లు వేయించారని వైసీపీ ఆరోపించింది. మూడు దశాబ్దాల తర్వాత జనం స్వేచ్ఛగా ఓటేశారని టీడీపీ బదులిచ్చింది. రెండు బూతుల్లో రీపోలింగ్ జరిగింది. టీడీపీకి 6 వేలకు పైగా మెజారిటీ, వైసీపీ అభ్యర్థికి డిపాజిట్ గల్లంతు.

అసెంబ్లీకి, లోక్‌సభకు పోటీచేసిన ప్రతి అభ్యర్థీ ఫలితం వచ్చిన 30 రోజుల్లో జిల్లా ఎన్నికల అధికారికి ఖర్చు లెక్క ఇచ్చి తీరాలి. ఒక్క రూపాయి రుసుము కట్టి ఆ లెక్కను ఎవరైనా చూడవచ్చునని ఎన్నికల నిబంధనల్లోనే ఉంది. ఈసారి మన ఊరి కుర్రాళ్లు కొందరైనా కడప కలెక్టరేటుకు వెళ్లి, ఆ రూపాయి కట్టి, మన మూడు నియోజకవర్గాల పద్దులు తెరిపించి చదవాలి.