అగ్నిద్యోతనుని వారసులు

మన నౌకాదళం కోసం 2013లో ఎగిరిన తొలి ఉపగ్రహానికి ‘రుక్మిణి’ అని ముద్దుపేరు పెట్టారు. పేరు మంచిదే. కాని భాగవతం చదివినవారికి ఇక్కడ ఒక చిన్న పేచీ తోచక మానదు. ఆ కథలో రుక్మిణి సందేశం పంపిన కన్య. మోసికొని పోయినవాడు అగ్నిద్యోతనుడనే విప్రుడు. ఉపగ్రహం చేసే పని అతనిది. అయినా అగ్నిద్యోతనుడన్న పేరు రాకెట్టు మీద వ్రాయడం కష్టమే కనుక దానిని వదిలివేద్దాము.

సైనిక వార్తలకు కావలసిన లక్షణాలన్నీ ఆ కథలోనే ఉన్నాయి. మాట రుక్మి చెవిన పడరాదు. విన్న కృష్ణునికి అది నిజముగా రుక్మిణి మాటేనని నమ్మకం కుదరాలి. ముహూర్తం దాటకముందే అది చేరాలి. గోప్యత, ప్రామాణ్యం, సమయపాలన – ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా కల్యాణం శిశుపాలునితోనే జరిగిపోయేది. కౌటిల్యుడు కూడా ఊరక కూర్చోలేదు. అర్థశాస్త్రంలో శత్రువుల సంచారాన్ని రాజుకు తెలపడానికి ముద్ర కట్టిన పెంపుడు పావురాలను, లేదా వరుసగా రాజేసే పొగలను, మంటలను వాడమన్నాడు. గూఢచారులకు సంజ్ఞాలిపి విధించాడు. పావురం రహస్యం, పొగ వేగం. రెండూ ఒక్కచోట దొరకవన్నది ఆనాటి చిక్కు.

రేడియో వచ్చి వేగాన్ని ఇచ్చింది గాని రహస్యాన్ని తీసికొని పోయింది. దీనికి మన తెలుగు తీరమే సాక్ష్యం. 1971 నవంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెదకుతూ బంగాళాఖాతంలోకి వచ్చింది. విశాఖపట్టణంలో తూర్పు నౌకాదళానికి అధిపతిగా ఉన్న వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ విక్రాంత్‌ను దూరంగా అండమాన్ల వైపు పంపివేసి, విశాఖ దగ్గర పాతబడిన రాజపుత్ అనే చిన్న యుద్ధనౌకకు విక్రాంత్ వేషం వేయించాడు. వేషమంటే రంగులు కాదు, మాటలు. పెద్ద నౌక ఎంత వైర్‌లెస్ సంభాషణ జరుపుతుందో అంతా ఈ చిన్న నౌక జరపాలి. విశాఖ బజారులో భారీగా సరుకులకు పురమాయింపులు వెళ్లాయి. ఒక నావికుడు తల్లి ఆరోగ్యం ఎలా ఉన్నదని అడుగుతున్నట్లు ఒక తంతిని, గుప్తభాష లేకుండా, కావాలనే పంపించారు. శత్రువు వింటున్నాడన్న ఎరుకే ఇక్కడ ఆయుధమైంది. డిసెంబరు 3 రాత్రి తెల్లవారేలోగా ఘాజీ విశాఖ ముఖద్వారం దగ్గర మునిగిపోయింది. అందులోని తొంభైమందికి పైగా నావికులు మరణించారు. రాజపుత్ వేసిన డెప్త్ ఛార్జీల వలన మునిగిందని మన నౌకాదళం, తన మందుపాతరో లోపలి ప్రేలుడో కారణమని పాకిస్తాన్ చెప్పుతూ వచ్చాయి. ఆ తగవు తీరలేదు. ఘాజీని విశాఖ ముంగిటికి రప్పించినవి మాత్రం పై మాటలేనన్నది కృష్ణన్ గారి కథనం. 2017లో తెలుగులో వచ్చిన సినిమా వేరే కథ అల్లుకొన్నది. నా మటుకు నాకు ఆ తల్లి ఆరోగ్యం అడిగిన తంతియే సినిమాకన్న రక్తి కట్టినది.

ఇదే పని శత్రువు మన మీద చేస్తే? నౌకలోని హ్రస్వతరంగ రేడియో నాలుగు దిక్కులా పలుకుతుంది. మాట అర్థం కాకపోయినా పలికినది ఏ దిక్కునుంచో వినేవాడు పట్టుకోగలడు. ఉపగ్రహంతో మాట్లాడేటప్పుడు నౌక తన వాక్కును సన్నని కిరణంగా ఆకాశానికి ఎత్తివేస్తుంది; పక్కనున్న శత్రునౌకకు అది వినపడడం కష్టం. అయితే సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తునుంచి దిగివచ్చే సమాధానం మాత్రం వేలమైళ్ల మేర వానలా పడుతుంది. ఆ వానలో ఎవరైనా చెంబు పట్టవచ్చు.

పట్టారు కూడా. అమెరికా నౌకాదళపు పాత ఉపగ్రహాలు కొన్ని, కింది నుంచి ఏ మాట వస్తే దానిని పెద్దచేసి తిరిగి పలికే అద్దాలవంటివి. బ్రెజిల్‌లో లారీ డ్రైవర్లు, అడవుల్లో దొంగచాటుగా కలప కొట్టేవారు చిన్న రేడియోలు సరిచేసుకొని వాటిమీద సొంత కబుర్లు సాగించారు. 2009లో అక్కడి పోలీసులు పదులమందిని పట్టుకొన్నారు. అదే ఏడాది ఇరాక్‌లో తిరుగుబాటుదారులు అమెరికా డ్రోన్లు పంపే దృశ్యాలను సుమారు 26 డాలర్ల సాఫ్ట్‌వేర్‌తో చూస్తున్నారని బయటపడింది. దృశ్యాలకు గుప్తలేఖనమే లేదు! అంత ఐశ్వర్యం ఉండి తలుపుకు గడియ మరచిపోయారు.

గడియ అంటే ఏమిటో మన సంప్రదాయంలోనే ఒక పోలికతో చెప్పవచ్చు. కటపయాది పద్ధతిలో అక్షరాలు అంకెలవుతాయి. కాని పద్ధతి తెలిసిన ప్రతివాడికీ అర్థం తెలిసిపోతుంది కనుక అది సంకేతమే గాని రహస్యం కాదు. కామసూత్రం చెప్పిన అరువది నాలుగు కళలలో మ్లేచ్ఛిత వికల్పం ఉన్నది. అది గుప్తభాషా విద్య. పద్ధతి లోకానికంతా తెలిసినా తాళపుచెవి ఒక్కటి దాగితే చాలు, రహస్యం నిలవాలని 1883లో కెర్క్‌హోఫ్స్ అనే భాషావేత్త సూత్రీకరించాడు. నేటి సైనిక గుప్తలేఖనానికి ఆధారం ఆ మాటే. సాటి భాషాపాఠకుడు కనుక ఆయన మీద నాకు కొంచెం పక్షపాతం.

ఇంకొక ఉపాయం మన అవధానంలోని వ్యస్తాక్షరికి దగ్గర. పృచ్ఛకుడు ఒక వాక్యంలోని అక్షరాలను క్రమం తప్పించి, నడుమ నడుమ, ఇది ఎన్నవదో చెప్పుతూ ఇస్తాడు. అవధాని చివర కూర్చి చెప్పుతాడు. ఆ సంఖ్య చెప్పకుండా, అది ఇద్దరికీ ముందే కంఠస్థమైతే? తరంగాల పౌనఃపున్యాన్ని క్షణక్షణం మార్చుతూ మాట్లాడే పద్ధతి అటువంటిదే. వరుస తెలిసినవాడికి వాక్యం, తెలియనివాడికి గలగల. శత్రువు రొద పెట్టి మాటను ముంచాలన్నా ఏ తీగ మీద రొద పెట్టాలో తెలియదు. సినీతార హెడీ లమార్, సంగీతజ్ఞుడు జార్జి ఆంథీల్ కలసి 1942లో ఇటువంటి యోచనకే పేటెంటు పొందారు. పియానోకున్న మెట్లలాగ 88 పౌనఃపున్యాలు అనుకొన్నారు. అమెరికా నౌకాదళం ఆనాడు పట్టించుకోలేదు.

ఇక రుక్మిణి దగ్గరకు. అంతకుముందు మన నౌకలు ఇన్‌మార్‌శాట్ అనే అంతర్జాతీయ ఉపగ్రహసేవ మీద ఆధారపడేవి. పరాయివాని పల్లకిలో ఇంటి రహస్యం. జీశాట్-7 బరువు 2,650 కిలోలు. శ్రీహరికోట నుంచి పంపడానికి తగిన జీఎస్‌ఎల్‌వీ 2010లో ఏప్రిల్, డిసెంబరు నెలల్లో రెండుసార్లు విఫలమైంది. అందుకే 2013 ఆగస్టు 30 తెల్లవారుజామున, మన కాలమానం ప్రకారం, దక్షిణ అమెరికాలోని కౌరూ నుంచి ఏరియేన్ రాకెట్టు మీద వెళ్లింది. ఉపగ్రహానికి సుమారు 185 కోట్ల రూపాయలు, ప్రయోగానికి బీమాతో కలిపి సుమారు 470 కోట్లు. పల్లకి కన్న బోయీల కూలి ఎక్కువైంది. 74 డిగ్రీల తూర్పు రేఖాంశాన నిలిపారు. మా కొంపల్లి నుంచి చూస్తే దక్షిణాన, కొంచెం పడమటికి, నడినెత్తికి అంత దూరం కాని చోటు. 2014లో బంగాళాఖాతపు విన్యాసాలలో దాదాపు 60 నౌకలను, 75 విమానాలను ఇది ఒక్క వలలో కట్టింది.

వైమానికదళం వంతు 2018 డిసెంబరు 19న వచ్చింది. 2,250 కిలోల జీశాట్-7ఎ ఈసారి మన శ్రీహరికోట నుంచే, మన క్రయోజెనిక్ దశ ఉన్న జీఎస్‌ఎల్‌వీ మీదనే ఎగిరింది. భూమి మీది రాడార్లను, విమానస్థావరాలను, గగనంలోని నిఘా విమానాలను కలపడం దాని పని. పత్రికలు ‘యాంగ్రీ బర్డ్’ అన్నాయి. గరుత్మంతుడున్న దేశంలో కోపిష్ఠి పిట్ట ఎందుకో! మా ఊరికి ఒక ప్రక్క దుండిగల్‌లో వైమానికదళ అకాడమీ, మరొక ప్రక్క హకీంపేట స్థావరం. అక్కడ ఎగరడం నేర్చే పిల్లలు రేపు ఆ పిట్ట మాట వినవలసినవారే.

నగరానికి ఈ విద్యతో ఉన్న చుట్టరికం అంతటితో ఆగదు. భీమవరం దగ్గరి మోగల్లులో 1914లో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు 1967లో స్థాపితమైన ఈసీఐఎల్‌కు ప్రాణం పోశారు. ఆ సంస్థ చంద్రయాన్-1 కోసం బైలాలులో 32 మీటర్ల వ్యాసంగల యాంటెన్నా కట్టింది; రక్షణదళాలకు గుప్తలేఖన పరికరాలు చేస్తుంది. అటు చాంద్రాయణగుట్ట ప్రాంతంలోని డీఎల్‌ఆర్‌ఎల్ పని దీనికి ఎదురు: శత్రువు తరంగాలను వినడం, వాటిని ముంచడం. ఒకే ఊరిలో తాళం చేసేవాడూ, తాళాలు పరీక్షించేవాడూ.

తాళాలతోనే అన్నీ తీరవు. 2018 మార్చి 29న ఎగిరిన జీశాట్-6ఎ రెండుమూడు రోజులకే మూగబోయింది, మరల పలుకలేదు. శత్రువెవరూ లేరు. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ యుద్ధం మొదలైననాడు కే-ఏ శాట్ ఉపగ్రహానికి ఏమీ కాలేదు, కాని దానితో మాట్లాడే నేలమీది మోడెములను దుండగులు వేలకొలది చెరిపివేశారు. దాని ఫలితంగా జర్మనీలో సుమారు 5,800 గాలిమరలకు దూరనియంత్రణ సంబంధం తెగింది. ద్వారక దాకా వెళ్లిన విప్రుడు క్షేమమే, వీధి వాకిట్లోనే దోపిడి.

2025 నవంబరు 2న రుక్మిణికి వారసురాలు సీఎంఎస్-03 శ్రీహరికోట నుంచి ఎల్‌వీఎం-3 మీద ఎగిరింది. 4,410 కిలోలు, అప్పటికి మన నేల నుంచి భూస్థిర బదిలీ కక్ష్యకు వెళ్లిన అత్యంత బరువైన సమాచార ఉపగ్రహం. కౌరూ బోయీల అవసరం పన్నెండేళ్లకు తీరింది. పదాతిదళానికి ప్రత్యేకించిన జీశాట్-7బి కోసం 2023 మార్చిలో రక్షణశాఖ సుమారు 2,963 కోట్లకు ఒప్పందం వ్రాసికొన్నది. దానికైనా అగ్నిద్యోతనుని పేరు పెడతారేమోనని నా ఆశ.