బొమ్మ మెరిసింది, దారి ఇరుకైంది

జపాన్‌లోని స్క్వేర్ సంస్థ 1987 డిసెంబరులో నింటెండో ఫామికామ్ కోసం తెచ్చిన 'ఫైనల్ ఫాంటసీ'లో నల్ల మాంత్రికుడంటే కొనదేలిన పసుపు టోపీ, దాని కింద చీకటి ముఖం, అందులో మెరిసే రెండు కళ్లు. అంతే. యోషితకా అమనో కుంచె నుంచి జాలువారిన సన్నని గీతల పాత్రల్ని కజుకో షిబుయా చుక్కచుక్కగా పేర్చి తెరమీదికి దించారు. బొమ్మలోని ఒక్కో ముక్కకు మూడు రంగులకు మించి వాడే వీల్లేని యంత్రమది. అక్కడి నుంచి ఈ వరసలో 2023 నాటి పదహారో ఆట దాకా చూస్తే, గ్రాఫిక్స్ ఏటికేడు మెరుగుపడుతూ వచ్చాయని ఎవరైనా అంటారు. కానీ ఆ ఆటల్ని వరసగా పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకో లెక్క బయటపడుతుంది. తెర మీద ఒకటి పెరిగినప్పుడల్లా మరొకదానికి కోత పడింది.

1994లో వచ్చిన ఆరో ఆటలో పాత్రలు బొటనవేలంత బొమ్మలు. తల వంచడం, వేలు ఊపడం, విరగబడి నవ్వడం వంటి కొద్దిపాటి భంగిమలతోనే పెద్ద కథ నడిచింది. మిగతాది ఆడేవాళ్ల ఊహ పూరించుకుంది. 1997లో ప్లేస్టేషన్ మీద ఏడో ఆట మూడు సీడీల్లో వచ్చింది. అందులో కథానాయకుడు క్లౌడ్‌కు మూడు రూపాలు: ఊళ్లో తిరిగేటప్పుడు వేళ్లు లేని దిమ్మల చేతుల మరుగుజ్జు, పోరాటంలో పొడగరి, వీడియో దృశ్యాల్లో మరొకడు. వెనకున్న నగరం ముందే తయారుచేసి పెట్టిన చిత్రం కాబట్టి కళ్లు చెదిరేలా ఉంటుంది, అయితే దాన్ని అటూ ఇటూ తిప్పి చూడలేం.

2001లో పదో ఆట పాత్రలకు గొంతునూ ముఖకవళికలనూ ఇచ్చింది. ఆ ఆటలోనే ప్రపంచపటం మీద స్వేచ్ఛగా తిరిగే పాత పద్ధతి పోయి, ఎగిరే ఓడ ఎక్కి జాబితాలోంచి ఊరి పేరు ఎంచుకోవడం వచ్చింది. 2009 నాటి పదమూడో ఆటలో ఊళ్లే అరుదైపోయాయి. హెచ్‌డీ నాణ్యతలో పాత తరహా ఊళ్లు కట్టడం చాలా కష్టమని తయారీదారులే ఒప్పుకున్నారు. మరుసటి ఏడాది ఆన్‌లైన్‌లో వచ్చిన పద్నాలుగో ఆటలో పూలకుండీకీ ఆటగాడి పాత్రకూ దాదాపు సమానంగా పాలిగాన్లు (3డీ బొమ్మను కట్టే చిన్న ముక్కలు) వాడారు. కుండీ ముచ్చటగానే ఉంది, కానీ తెరమీద గుంపుగా మనుషులు చేరితే యంత్రం మోయలేకపోయింది. చివరికి ఆ ఆటను మూసేసి, 2013లో కొత్తగా నిర్మించి మళ్లీ తెచ్చారు.

ఇదంతా యంత్రాల పరిమితే, కళాకారుల చేతిలో ఏముందని అడగొచ్చు. దానికి జవాబు 2000లో వచ్చిన తొమ్మిదో ఆట. 1999 నాటి ఎనిమిదో ఆట అదే ప్లేస్టేషన్ మీద మనుషుల్ని నిజమైన కొలతల్లో నిలబెట్టింది. మరుసటి ఏడాదే తొమ్మిదో ఆట పెద్ద తలల పొట్టి బొమ్మలకు తిరిగి వెళ్లింది. వివి అనే కుర్రాడి రూపంలో ఆ కొనటోపీ, చీకటి ముఖం, రెండు కళ్లు తిరిగొచ్చాయి. యంత్రం మారలేదు, మారింది నిర్ణయమే. పాతవన్నీ బాగున్నాయనడం వ్యామోహమేగా అనేవాళ్లూ ఉంటారు. ఆ మాటలో కొంత నిజముంది. పదో ఆటలో నాయిక యూనా తడబడే గొంతు, బలవంతపు నవ్వు పిక్సెల్ బొమ్మకు సాధ్యమయ్యేవి కావు. లాభం నిజమే, దానికి చెల్లించిన మూల్యమూ నిజమే.

ఏడో ఆటలో మొదటి కొన్ని గంటల్లో దాటిపోయే మిడ్‌గార్ నగరమే 2020 రీమేక్‌లో ఒక పూర్తి ఆటగా విస్తరించింది, పాత కథలో మిగతా భాగం తర్వాతి ఆటలకు వాయిదా పడింది. ఆ మరుసటి ఏడాది ఇదే సంస్థ మొదటి ఆటల్ని షిబుయా పర్యవేక్షణలో మళ్లీ చుక్కలతోనే గీయించి 'పిక్సెల్ రీమాస్టర్' పేరుతో విడుదల చేయడం మొదలుపెట్టింది. ఒకే సంస్థ ఈ రెండు దారుల్లోనూ నడవడాన్ని బట్టి చుక్కల బొమ్మను వెనకబాటుగా చూడలేం. కొత్త ఆట గ్రాఫిక్స్‌ను అంచనా వేసేటప్పుడు జుట్టులో ఎన్ని పోగులు కనిపిస్తున్నాయో లెక్కపెడితే సరిపోదు, వాటికోసం ఏ ఊరిని, ఏ దారిని వదులుకున్నారో కూడా చూడాలి.