ట్రామెల్‌కు తరలిన జనం

జంగ్ అంటే మన పిల్లలకు ఎంత శౌక్! అయినా నెలల మెహనత్‌తో ఓ పాత్రను పెంచుకునే ఆన్‌లైన్ ఆటల్లో సాటి ఆటగాడితో కొట్లాటంటే చాలామంది వెనక్కి తగ్గుతారు. వాళ్లను డర్‌పోక్‌లని నేననను. 1997లో అమెరికాలో వచ్చిన ‘అల్టిమా ఆన్‌లైన్’ తారీఖ్ చూడండి.

అందులో పట్నం కాపలా దాటితే ఎవరు ఎవరినైనా ఖతం చేయొచ్చు. శవం మీది సామాను దోచుకోవచ్చు. గని తవ్వుకునే బేకసూర్ కొత్తవాడు గంటల కమాయి నిమిషంలో పోగొట్టుకుని దయ్యమై తిరిగేవాడు. మంచి ఆటగాళ్లే దుండగులకు బుద్ధి చెబుతారని తయారీదారులు ఆశపడ్డారు. హంతకుల తలలకు వెల కట్టారు, పేర్లు ఎర్రగా కనబడేలా చేశారు. జుల్మ్ ఆగలేదు. కొట్టేవాడికి పోయేది కొంచెం, పడేవాడికి పోయేది సర్వం. మన పహిల్వాన్లయితే జోడీ చూసుకునే అఖాడాలో దిగుతారు. బరాబరీ లేనిది కుస్తీ ఎలా అవుతుంది? అది దోపిడీ.

2000లో ఆ లోకాన్నే రెండు చేశారు. ఫెలుక్కాలో పాత కానూనే. ట్రామెల్‌లో రాజీ లేనిదే ఎవరినీ కొట్టలేరు. జనం ఎక్కువగా ట్రామెల్‌కే తరలిపోయారు. ఫెలుక్కాలో షికారీలు మిగిలారు, షికార్ లేదు. బలహీనులు పోయాక మధ్యరకం వాళ్లే బలహీనులయ్యారు, వాళ్లూ కదిలారు. చివరికి అక్కడ తవ్వితే ఖనిజం రెండింతలని లాలచ్ పెట్టాల్సి వచ్చింది.