పాకమెరిగిన చేయి: బెంగుళూరు కర్మాగారములలో తొలి శిక్షణ చరిత్ర

బెంగుళూరు నగర చరిత్రను వ్రాయువారు సామాన్యముగా 1537లో కెంపేగౌడ కట్టించిన కోటతో ఆరంభించి, దండు ప్రాంతమును, లాల్‌బాగు తోటను వర్ణించి, నేటి కంప్యూటరు సంస్థలతో ముగింతురు. గడచిన నూరేండ్లకు పైగా ఈ నగరమున బాయిలరుల చెంతను, కాగుల చెంతను నిలిచి జీవనము సాగించిన సామాన్యులు ఆ పనిని ఎవరివద్ద, ఏ రీతిని నేర్చిరను ప్రశ్నకు ఆ గ్రంథములలో చోటు తక్కువ. మన తెలుగు కుటుంబములు పెక్కు అట్టి పనులతోనే ఈ ఊర స్థిరపడినవి. కావున ఆ కథను సంగ్రహముగా పాఠక మహాశయుల ముందుంచ దలచితిమి.

కర్మాగారములు స్థూలముగా రెండు విధములు. ఇనుమును కోసి, చెక్కి, భాగములను కూర్చి వస్తువును తయారుచేయునవి ఒక విధము. అచట పనివాడు తాను చేయు వస్తువును కన్నులార చూచుచుండును. నూనె, సబ్బు, చక్కెర, రంగులు, మందులు మొదలగు వాటిని తయారుచేయునవి రెండవ విధము. వీటిలో పదార్థము ఒక పాత్రనుండి మరియొక పాత్రకు గొట్టముల ద్వారా ప్రవహించుచు, వేడికిని పీడనమునకును లోబడి, మూసిన పాత్ర లోపల రూపు మారును. పనివానికి ఆ మార్పు కనబడదు. వెలుపలనున్న మాపకముల ముల్లులను, నమూనాగా తీసిన చెంచెడు ద్రవమును చూచి లోపలి సంగతి అతడు గ్రహింపవలెను. అట్టివానినే నేడు ప్రాసెస్ టెక్నీషియన్ అనుచున్నారు. అతనికి మొదటి దినములలో గరపవలసిన విద్యయే ఈ వ్యాసమునకు విషయము.

ఈ విద్య మనకు బొత్తిగా క్రొత్తది కాదు. అరిసెలు వండు ఇంట పెద్దముత్తైదువ బెల్లపు పాకమును చల్లని నీటిలో ఒక చుక్క వేసి, వ్రేళ్లతో కూడదీసి, ఉండపాకమైనదో లేదో నిర్ణయించును. క్షణము ముందైనచో అరిసె విడిపోవును. క్షణము ఆలస్యమైనచో రాయియగును. చిత్తూరు సీమలోను, అనకాపల్లి ప్రాంతమునను బెల్లము వండు గానుగల వద్ద పెనము చెంత నిలుచు వంటవాడు నురుగు రంగును, పొంగు తీరును చూచి మంట తగ్గించుమని కేక వేయును. నమూనా తీయుట, మార్పును కనిపెట్టుట, వేళకు చేయి కదల్చుట అను మూడు సూత్రములును ఇచటనే ఉన్నవి. అయితే ఆ విద్య తల్లినుండి కూతురికి, మేస్త్రీనుండి శిష్యునికి సంక్రమించెనే గాని పాఠముగా రూపొందలేదు. దానిని పాఠముగా మార్చవలసిన అవసరము మైసూరు సంస్థానమునకు గంధపుచెక్క మూలమున కలిగెను.

టిప్పు సుల్తాను 1792లో శ్రీగంధమును రాజవృక్షముగా ప్రకటించిన నాటినుండి ఆ చెట్టు ప్రభుత్వపు సొత్తై యుండెను. కాని నూరేండ్లు గడచినను మన రాబడి చెక్కను అమ్ముకొనుటతోనే ఆగిపోయెను. దుంగలు ఓడలెక్కి జర్మనీకి పోవుచుండెను. అచట నూనె తీయబడి, ఎన్నో రెట్లు వెలకు లోకమంతట అమ్ముడుపోవుచుండెను. 1914లో ప్రథమ ప్రపంచ సంగ్రామము సంభవించుటతో ఆ ఎగుమతి నిలిచిపోయెను. చెక్క మనది, అడవి మనది, కూలీలు మనవారే. నూనె తీయు విధానము మాత్రము మనకు తెలియదు. సంస్థాన ఖజానాకు ఇది పెద్ద దెబ్బ.

ఆనాడు దివాను పదవియందున్నవారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. వారి పూర్వులు ఆంధ్రదేశమందలి మోక్షగుండమునుండి వలస వచ్చిన తెలుగువారు. వారు జన్మించినది ముద్దెనహళ్లి. 1908 నాటి మూసీ వరదల అనంతరము హైదరాబాదు నగర రక్షణకై వారు చేసిన కృషి మనవారందరు ఎరిగినదే. 1912 నుండి 1918 వరకు దివానుగా నున్న వారి కాలముననే గంధపునూనె పరిశ్రమ వెలసెను. 1911లో తరగతులు ప్రారంభించిన టాటావారి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఆచార్యులు సడ్‌బరో, వాట్సన్‌గార్లు గంధపుచెక్కనుండి నూనె తీయు పద్ధతిని ప్రయోగపూర్వకముగా సాధించిరి. 1916లో బెంగుళూరునను, 1917లో మైసూరునను నూనె కర్మాగారములు నెలకొల్పబడెను.

ప్రయోగశాలలో సాధించిన దానిని కర్మాగారమున దినదినము సాధించుట వేరొక విద్య. గంధపు చేవను పొడిచేసి పెద్ద పాత్రలో నింపి దాని గుండా ఆవిరిని పంపుదురు. ఆవిరితో కలసి పైకి లేచిన నూనె చల్లార్చు గొట్టములలో నీటితోపాటు ద్రవమై దిగును. గంధపునూనె బరువు నీటి బరువునకు మిక్కిలి దగ్గర. అందుచేత అది తక్కిన నూనెలవలె చప్పున తేలదు, మెల్లగా వేరుపడును. నూరు పాళ్ల చేవనుండి వచ్చునది నాలుగు మొదలు ఆరు పాళ్లు మాత్రమే. వంట రెండు మూడు దినములు రేయింబవళ్లు సాగును. చల్లార్చు నీరు తగ్గినచో సువాసనతోపాటు సొమ్మును గాలిలో కలసిపోవును. వంటను వేళకు ముందే ఆపినచో నూనె చెక్కలోనే మిగిలిపోవును. రాత్రి రెండు గంటల వేళ ఆ పాత్ర చెంత నుండువాడు ఆచార్యుడు కాడు, ఒక సామాన్యుడు. సంస్థానపు పెట్టుబడియంతయు ఆతని మెలకువపైనను, ఆతనికి గరపిన పాఠముపైనను ఆధారపడియుండెను.

సబ్బు కథయు ఇట్టిదే. గంధపునూనెతో సబ్బు చేయవలెనను తలంపు కలిగినప్పుడు ఇన్‌స్టిట్యూటులో పనిచేయుచుండిన రసాయనజ్ఞుడు ఎస్. జి. శాస్త్రిగారిని ఆ విద్య నేర్చుటకై ఇంగ్లండుకు పంపిరి. యంత్రములకంటె ముందు మనిషిని సిద్ధపరచుట ఇచట గమనింపదగిన విశేషము. కబ్బన్ పార్కు సమీపమున వెలసిన ఆ కర్మాగారమునుండి 1918లో మైసూరు శాండల్ సబ్బు లోకమునకు పరిచయమయ్యెను. 1957లో కర్మాగారము రాజాజీనగరునకు తరలెను. 1980లో నూనె కర్మాగారములతో కలసి కర్ణాటక సోప్స్ అండ్ డిటర్జెంట్స్ అను ప్రభుత్వ సంస్థగా రూపొందెను.

సబ్బు వండు పాత విధానమున క్రొవ్వును, నూనెలను, కాస్టిక్ సోడాను పెద్ద కాగులలో ఆవిరితో మరిగించి, పిమ్మట ఉప్పు వేయుదురు. సబ్బు పైకి తేలి, గ్లిసరినుతో కూడిన క్షారజలము అడుగున దిగును. పూర్వపు వంటవాండ్రు లోకమంతట రెండు సాధనములతోనే దీనిని పరీక్షించెడివారు: తాపీపై సబ్బు జారు తీరు, నాలుక కొనపై సబ్బు చురుక్కుమను తీరు. చురుక్కుమన్నచో క్షారము మిగిలియున్నట్లు. రసాయనశాస్త్రము వచ్చిన పిదప నాలుకకు బదులు రంగు మార్చు చుక్కమందు వచ్చెను. నాలుక ఎరిగిన సంగతిని అది అంకెలలో చెప్పెను. అంకెలలో చెప్పగలిగినందున ఒకరి విద్య పదుగురికి పంచుటకు వీలాయెను. శిక్షణ యనగా ఇదియే.

విద్యాశాలల విషయమునను ఆ కాలము ఫలవంతమైనది. 1913లో మైసూరున చామరాజేంద్ర సాంకేతిక విద్యాశాల, 1917లో బెంగుళూరున ఇంజనీరింగు కళాశాల ఏర్పడెను. కాని ఇంజనీరుకును కూలివానికిని నడుమ నిలుచు పనివానికి ప్రత్యేకమైన బడి కావలెనని విశ్వేశ్వరయ్యగారు తలంచిరి. భద్రావతి ఇనుప కర్మాగారమునకు తాము చేసిన సేవకై రావలసిన ప్రతిఫలమును తాము తీసికొనక అట్టి విద్యాశాలకై వినియోగింపజేసిరి. తమ పేరు పెట్టుటకు సమ్మతింపక, జయచామరాజేంద్ర ఒడయరు పేర దానిని నెలకొల్పజేసిరి. 1943లో ఆరంభమైన ఆ ఆక్యుపేషనల్ ఇన్‌స్టిట్యూటు నేడు పాలిటెక్నిక్కుగా కె. ఆర్. సర్కిలు చెంత నడచుచున్నది.

1940లో విమాన కర్మాగారము, 1948లో టెలిఫోను కర్మాగారము, 1953లో హెచ్. ఎం. టి., 1954లో భారత్ ఎలక్ట్రానిక్స్ వరుసగా వెలసినవి. ఇవి ప్రధానముగా యంత్రభాగముల కర్మాగారములే. 1961 నాటి అప్రెంటిసుల చట్టము వృత్తి నేర్వవచ్చిన బాలునికి, అతడు ముందే శిక్షణాలయమున చదివియుండనిచో, పనిలో ప్రవేశపెట్టుటకు పూర్వము ప్రాథమిక శిక్షణ నియ్యవలెనని విధించెను. రసాయన కర్మాగారముల పనికి కెమికల్ ప్లాంట్ అటెండెంట్ ఆపరేటర్ అను ప్రత్యేక వృత్తిశాఖ ఏర్పడినది. పదవ తరగతి గణిత విజ్ఞానములతో ఉత్తీర్ణులైనవారికి ఇది రెండేండ్ల చదువు. 1978లో ఈ నగరముననే బయోకాన్ సంస్థ బొప్పాయి పాలనుండి ఎంజైములు తీయుటతో ఆరంభమై మందుల తయారీకి ఎదిగినది. అటు హైదరాబాదున సోవియట్ సహాయముతో వెలసిన ఐ. డి. పి. ఎల్. మందుల కర్మాగారము, తాను మూతపడినను, తెలుగునాట మందుల పరిశ్రమకు గురుకులము వంటిదాయెను. డాక్టరు అంజిరెడ్డిగారు తొలుత పనిచేసినది అందులోనే.

మేము ఒక కర్మాగారపు కార్యాలయమున గుమాస్తాగా నున్న కాలమున ఇట్టి బాలుర దరఖాస్తులు మా బల్లమీదుగా పోయినవి. మాతృభాష అను గడిలో తెలుగు అని వ్రాసినవారు ముళబాగలు, బాగేపల్లి, హిందూపురము, మదనపల్లె, కుప్పము ప్రాంతములవారు. వారికి మొదటి వారములలో నేర్పు పాఠములను మేము పలుమారు ప్రతులు తీసితిమి. ఉష్ణము, పీడనము, ప్రవాహము, మట్టము అను నాలుగింటిని గుర్తించుట మొదటి పాఠము. గొట్టములవెంట కాలినడకన పోయి, ఏ వాల్వు దేనిని మూయునో తెలిసికొని, తన చేతితో పటము గీయుట రెండవది. నమూనా తీయుట, ఆరంభించు క్రమమును, ఆపు క్రమమును కంఠస్థము చేయుట మూడవది. గంటగంటకు లాగ్ బుక్కులో అంకెలు వ్రాయుట, షిఫ్టు మారునప్పుడు వచ్చువానికి నోటితోను వ్రాతతోను అప్పగించుట చివరిది.

పద్దులు వ్రాయుటయే వృత్తిగా గలవారము గనుక ఆ చివరి పాఠము మమ్ము ఆకర్షించెను. ఒక దినపు నిలువ ఎంతయని అడుగువాడు గుమాస్తా. నిన్నటికంటె ఏల తగ్గెనని అడుగువాడు లెక్కలెరిగినవాడు. యంత్రశాలలోను అంతే. అంకెను వ్రాయుట సులభము. అంకె నడకను కనిపెట్టుట శిక్షణ.

దీనికి మిక్కిలి దుఃఖకరమైన నిదర్శనము భోపాలు. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి సుమారు 10-20 గంటలకు విషద్రవపు తొట్టిలో పీడనము 2 పౌండ్లు. 10-45కు షిఫ్టు మారెను. 11 గంటలకు అది 10 పౌండ్లు. 10 అనునది అనుమతించిన హద్దులలోని అంకెయే. కనుక ఎవరును కలత చెందలేదు. కాని అరగంటకు పైబడిన ఆ కొద్ది కాలమున అది ఐదు రెట్లు పెరిగినది. తెల్లవారుసరికి వేలకొలది ప్రజలు మరణించిరి, మరణోన్ముఖులైరి. అచట చల్లార్చు యంత్రము అంతకు ముందే ఆపివేయబడియుండెను. పనివారి సంఖ్యయు, వారి శిక్షణా కాలమును తగ్గింపబడియుండెను. అందుచేత ఆ రాత్రి పనివానిని నిందించుట న్యాయము కాదు. నేర్పనివారిది నేరము గాని నేర్వనివానిది కాదు. ఆ దుర్ఘటన పిదప 1987లో ఫ్యాక్టరీల చట్టమును సవరించి, ఆరోగ్యమునకును భద్రతకును సంబంధించిన శిక్షణ పొందుట పనివాని హక్కని చేర్చిరి.

మన విశాఖపట్టణమున 2020 మే 7వ తేదీ వేకువన జరిగినదియు మరువరానిది. లాక్‌డౌను కాలమున కదలిక లేక నిలువయున్న స్టైరీను అను ద్రవము తనంత తానే వేడెక్కి, ఆవిరియై వెంకటాపురము పల్లెపై వ్యాపించెను. 12 మంది మరణించిరి. తొట్టి అడుగున మాత్రమే ఉష్ణమాపకము ఉండెననియు, పైభాగపు వేడి ఎవరికిని తెలియలేదనియు ప్రభుత్వము నియమించిన సంఘము తేల్చెను. పెనపు అడుగు మాత్రమే చూచి పొంగును చూడని వంటవానిని మన గానుగలవద్ద ఒక్క దినమైనను ఉంచుకొందురా?

ఈ చరిత్రవలన మనము గ్రహింపవలసినది ఒక్కటి. చెక్క అమ్ముకొను దేశము నూనె అమ్ము దేశమైనది యంత్రము కొనుటవలన మాత్రమే కాదు, ఆ యంత్రము చెంత నిలుచు సామాన్యునికి పాఠము చెప్పుటవలన. ఆ పాఠము కుదించిన చోట కర్మాగారము ఊరికే శత్రువైనది.

నేడు బెంగుళూరున స్థిరపడిన మన ఇండ్లలో పిల్లవాడు కంప్యూటరు ముందు కూర్చుండినగాని చదువు చదువు కాదను భావము ప్రబలినది. రెండేండ్ల వృత్తివిద్య చదివెదనన్న బాలుని చిన్నచూపు చూచుట మేమెరుగుదుము. సంబంధము కుదుర్చునప్పుడు ఆ ఉద్యోగమును పేరు మార్చి చెప్పు తల్లిదండ్రులను కూడ ఎరుగుదుము. ఇది తగదు. రాత్రి షిఫ్టున ముల్లు నడకను కనిపెట్టుచు మేలుకొనియున్న ఆ యువకునివలననే చుట్టుపట్ల వేలమంది నిర్భయముగా నిద్రించుచున్నారు. మన సంఘములు సంగీత సాహిత్యములకు బహుమానములిచ్చు సభలయందే వృత్తివిద్యలో ఉత్తీర్ణులైన బాలబాలికలను కూడ పిలిచి సన్మానించుట, పెద్ద పనివారలు తమ అనుభవములను వారికి తెలుగున చెప్పుట అవసరము. పాకమెరిగిన చేతిని గౌరవించుట మన ఇండ్లలో ఆచారము. ఆ ఆచారమును కర్మాగారపు గడపవరకు కొనిపోవలసినదని సోదర సోదరీమణులను కోరుచున్నాము.