ఖర్చు నిజాముది, పెత్తనం రెసిడెంటుది

పంజాగుట్టకు ఆనుకొని ఉన్న సోమాజిగూడలో నేటి గవర్నర్ నివాస ఆవరణను నిజాం కాలంలో షామంజిల్ అనేవారు. హైదరాబాద్ సంస్థానపు చివరి ప్రధాని మీర్ లాయక్ అలీకి అదే అధికార నివాసం. అమీర్‌పేటకు పొరుగునే ఉన్న బేగంపేట విమానాశ్రయంలో 1949 ఫిబ్రవరిలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ స్వయంగా ఎదురేగి, సర్దార్ పటేల్‌కు చేతులు జోడించి స్వాగతం పలికారు. అక్కడ ముగింపుకొచ్చిన కథ అంతకు 150 ఏళ్ల ముందు, పరాయి సైన్యాన్ని నిజాం తానే కోరి నెత్తిన పెట్టుకున్నప్పుడు మొదలైంది. దాదాపు అదే కాలంలో, ఫ్రెంచివారి పుదుచ్చేరి సాక్షిగా, వియత్నాంలోనూ ఇలాంటి కథకే అంకురం పడింది.

1795 మార్చిలో ఖర్డా వద్ద మరాఠాల చేతిలో రెండో నిజాం అలీ ఖాన్ ఓడిపోయాడు. ఆపదలో ఆదుకుంటారనుకున్న ఆంగ్లేయులు తటస్థంగా ఉండిపోవడంతో, ఆయన ఫ్రెంచి సేనాని రేమండ్ కింద ఉన్న పటాలాలను మరింత పెంచుకున్నాడు. ఫిరంగులు పోయించి, సిపాయిలకు ఐరోపా పద్ధతిలో కవాతు నేర్పిన రేమండ్‌ను జనం మూసారహీం, మూసారాం అని తమ నోటికి అనువుగా పిలుచుకున్నారు. అప్పటికి కొద్ది ఏళ్ల ముందే, వియత్నాంలో తైసాన్ తిరుగుబాటుదారుల చేతిలో రాజ్యం పోగొట్టుకున్న న్గుయెన్ ఆన్ తరఫున, పినో అనే ఫ్రెంచి బిషప్ 1787లో వెర్సాయ్ వెళ్లి సైనిక సాయానికి ఒప్పందం కుదిర్చాడు. బదులుగా దనాంగ్ రేవును, పూలో కొండోర్ దీవిని ఫ్రాన్సుకు ఇవ్వాలన్నది షరతు. ఒప్పందం అమలు చేయడానికి పుదుచ్చేరి గవర్నరు కాన్‌వే మొండికేయగా, బిషప్పే ఓడలనూ స్వచ్ఛంద సైనికులనూ కూడగట్టి పంపాడు. 1802లో న్గుయెన్ ఆన్ జియా లాంగ్ పేరుతో చక్రవర్తి అయ్యాడు.

హైదరాబాద్‌లో మాత్రం ఫ్రెంచి ప్రాభవం 1798 మార్చిలో రేమండ్ మరణంతోనే సన్నగిల్లింది. గవర్నర్ జనరల్ వెల్లస్లీ ఆ ఏడాది సెప్టెంబర్ 1న నిజాంతో సైన్య సహకార ఒప్పందం, అంటే ఈస్టిండియా కంపెనీ పటాలాలను సంస్థానంలో నిలిపి, వాటి ఖర్చును సంస్థానాధీశుడే భరించే ఏర్పాటు, కుదుర్చుకున్నాడు. ఆరు పటాలాలకు ఏటా 24,17,100 రూపాయలు చెల్లించాలి, ఫ్రెంచి దళాన్ని రద్దు చేయాలి. జీతం బకాయిలకు కడుపు మండిన సిపాయిలు రేమండ్ వారసుడైన పిరోన్‌ను తామే నిర్బంధించారు. అక్టోబర్ 22న కంపెనీ సేనలు శిబిరాన్ని చుట్టుముట్టగా, పదివేలకు పైబడిన ఆ దళం పోరు లేకుండానే ఆయుధాలు కింద పెట్టింది. జీతాల లెక్క తెగి ఉంటే ఫలితం ఇంత సులువుగా తేలేది కాదేమో.

ఆ తరువాత జరిగిన ఆక్రమణ ఫిరంగులతో కాదు, పద్దు పుస్తకాలతో. 1800 ఒప్పందంలో పటాలాల సంఖ్య పెరిగింది; వాటి పోషణ కింద మైసూరు యుద్ధాల వాటాగా నిజాంకు దక్కిన కడప, బళ్లారి ప్రాంతాలు కంపెనీ పరమయ్యాయి. దత్త మండలాలన్న పేరు వాటికి అలా వచ్చింది. అది చాలదన్నట్టు, రెసిడెంట్ (సంస్థాన దర్బారులో కంపెనీ ప్రతినిధి) హెన్రీ రస్సెల్ చొరవతో, ఆంగ్ల అధికారుల కింద హైదరాబాద్ కంటింజెంట్ అనే మరో సైన్యం రూపుదిద్దుకుంది. దాని జీతాల కోసం నిజాం మంత్రి, పేష్కార్ చందూలాల్ విలియం పామర్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ వద్ద అధిక వడ్డీకి అప్పులు చేశాడు; తీర్చలేని అప్పు భూమిని మింగింది. 1853లో బేరార్, రాయచూరు, ధారాశివ్ ప్రాంతాలు ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్లాయి. 1860లో చివరి రెండూ తిరిగి వచ్చినా, బేరార్‌ను 1902లో వైస్రాయ్ కర్జన్ ఏటా 25 లక్షలకు శాశ్వత కౌలు రాయించుకున్నాడు. నిజాం సొమ్ముతో పెరిగిన కంటింజెంటే 1858లో ఝాన్సీ వైపు సాగిన ఆంగ్ల సేనల్లో పోరాడిందన్నది ఈ లెక్కలో కొసరు.

వియత్నాంలో జియా లాంగ్ వారసుల మీదికి ఫ్రాన్సు 1858లో స్పెయిన్ తోడుతో దనాంగ్ రేవులో సైన్యాన్ని దింపింది. 1862లో మూడు దక్షిణ రాష్ట్రాలను, వాటితోపాటు 40 లక్షల డాలర్ల యుద్ధ పరిహారాన్ని రాబట్టుకుంది. తన మీద దండెత్తిన సైన్యం ఖర్చు ఓడినవాడే కట్టడం అక్కడి పద్ధతి. హైదరాబాద్‌లో పిలిచినవాడే కట్టాడు, అంతే తేడా.

ఈ రెండు కథలూ 1945లో మళ్లీ ఎదురుపడ్డాయి. సెప్టెంబర్ 2న హోచిమిన్ స్వాతంత్ర్యం ప్రకటించిన కొద్ది రోజులకే, జపాన్ సేనల లొంగుబాటు కోసమంటూ జనరల్ గ్రేసీ నాయకత్వంలో 20వ భారత డివిజన్ సైగాన్ చేరింది. గ్రేసీ ఫ్రెంచి ఖైదీలకు ఆయుధాలిచ్చాడు. ఓడిన జపాన్ సైనికులను సైతం వియత్నామీయుల మీదికి దించాడు. పరాధీన భారత సిపాయిలను మరో పరాధీన జాతిపై ప్రయోగించడాన్ని నెహ్రూ తీవ్రంగా నిరసించారు. సైగాన్‌లో కాల్పులు సాగుతున్న ఆ అక్టోబర్ నెలలోనే, కంటింజెంట్ వారసత్వం మోస్తున్న హైదరాబాద్ రెజిమెంట్‌కు కుమావూ రెజిమెంట్ అని పేరు మార్చారు.

ఆంగ్లేయులు వెళ్లిపోయాక నిజాం స్వతంత్రుడినన్నాడు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుంచి హైదరాబాద్‌కు రాత్రివేళ ఆయుధాలు చేరవేశాడు. నిజాం ఫిర్యాదు ఐక్యరాజ్యసమితి దాకా వెళ్లింది. అవేవీ నిలవలేదు. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం మొదలుపెట్టిన పోలీసు చర్య ఐదు రోజుల్లో ముగిసింది. అయితే 1946 జూలైలో కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన నాటి నుంచి దొరలతోనూ, ఆపై నిజాం పక్షపు సాయుధ ముఠాలైన రజాకార్లతోనూ పోరాడుతున్న తెలంగాణ రైతాంగాన్ని, నిజాం లొంగిన తరువాతా సైన్యం వదల్లేదు; కమ్యూనిస్టుల సారథ్యంలోని సాయుధ పోరాటం 1951 అక్టోబర్ వరకు సాగింది. ఈలోగా, 1950 మార్చిలో, లాయక్ అలీ బేగంపేటలోని గృహనిర్బంధం నుంచి తప్పించుకొని పాకిస్తాన్ చేరాడు.